షాకబ్జర్లు మార్చాక మిగిలే పని

2023 మార్చిలో మెట్రో వచ్చాక బెంగళూరు కాడుగోడి రోడ్ల మీద కార్లు పలచబడతాయని ఆశపడ్డవాళ్లున్నారు. అదేమీ జరగలేదు. హోప్ ఫామ్ కూడలిలో సిగ్నల్ పడితే ఏపీ, తెలంగాణ నంబర్లు వరసగా కనిపిస్తాయి. వాటి మధ్య అప్పుడప్పుడు నేలకు ఆనుకుని నడిచే స్పోర్ట్స్ కారు ఒకటి స్పీడ్ బ్రేకర్ ఎక్కలేక ఏటవాలుగా తిరుగుతూ కనిపిస్తుంది. ఐటీ జీతంలో కొంత స్ప్రింగులకూ షాకబ్జర్లకూ పోసే కుర్రాళ్లు మనవాళ్లలోనూ తక్కువేం లేరు. పోస్తే పోశారు గానీ, కొత్త సస్పెన్షన్ బిగించాక “అలైన్‌మెంట్ ఒకటి చేయించేస్తే అయిపోతుంది” అంటారే, ఆ మాటతోనే నాకు పేచీ. పని సగం మిగిలి ఉన్నది అక్కడే.

ఎందుకంటే, కొత్త స్ప్రింగులతో కారు పాతిక మిల్లీమీటర్లు కిందికి దిగిందంటే చక్రం నిలబడే తీరే మారిపోతుంది. మన దగ్గర ఎక్కువ కార్ల ముందు చక్రాలకు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. 1950లో ఫోర్డ్ కాన్సల్ కారుతో జనంలోకి వచ్చిన ఏర్పాటు ఇది. దీంట్లో షాకబ్జరే చక్రాన్ని నిటారుగా పట్టుకునే స్తంభం కూడా. దాని అడుగుభాగం రెండు బోల్టులతో చక్రం మోసే ముక్కకు బిగుస్తుంది. ఆ బోల్టు రంధ్రాల్లో ఉండే వెంట్రుకవాసి సందు చాలు, చక్రం వాలు మారడానికి. కారు కిందికి దిగినప్పుడు చక్రాన్ని అడుగున పట్టుకునే లోయర్ ఆర్మ్ ఒక వంపులో, దాన్ని స్టీరింగ్‌తో కలిపే టై రాడ్ ఇంకో వంపులో కదులుతాయి. దాంతో చక్రం ముందంచు కారును బట్టి లోపలికో బయటికో తిరిగిపోతుంది.

కారును అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించే ముందే చూసుకోవలసింది ఒకటుంది. లోయర్ ఆర్మ్ బుష్షుల్లో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. కారు ర్యాంపు మీద చక్రాలు వేలాడుతుండగానే ఆ బోల్టులు బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కారు కావలసిన ఎత్తులో కూర్చోదు, రబ్బరు కొన్నాళ్లకు చిరుగుతుంది. అందుకని తెలిసిన మేస్త్రీ ముందు బోల్టులు వదులుగా ఉంచి, చక్రాల మీద బరువు పడ్డాక కారును నాలుగుసార్లు కిందికి నొక్కి, అప్పుడు స్పానర్ తీస్తాడు. ఇది చేయకుండా తీసిన కొలత ఏదైనా వారం తిరిగేసరికి అబద్ధమవుతుంది.

కొలిచేవి మూడు కోణాలు. క్యాస్టర్ సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మళ్లే ఇరుసు వెనక్కి వాలడం అది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడానికి కారణం. క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం. టో అంటే చక్రాల ముందంచులు ఒకదానివైపు ఒకటి చూడడం, లేదా ఎడమొహం పెడమొహంగా ఉండడం. టైర్లను తినేది ఎక్కువగా ఈ టో. కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. టైరు మీద అడ్డంగా అరచేయి రాస్తే ఒకవైపు నున్నగా జారి, ఎదురు రాస్తే గరుకుగా తగిలితే టో తప్పిందని అర్థం. ఎనభై దాటగానే స్టీరింగ్ వణికితే మాత్రం ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూడాలి. రెండూ ఒకటే అనుకుని అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టేవాళ్లను చూస్తుంటాం.

ఇప్పుడు ప్రతి చక్రానికీ పలక తగిలించి ఎదుటి కెమెరాలతో చదివే త్రీడీ మిషన్లు వచ్చాయి. వాటికి ముందునుంచీ ఉన్న పద్ధతి దారం. కారుకు రెండు పక్కలా, చక్రం మధ్య ఎత్తులో, రెండు దారాలు ఒకదానికొకటి సమాంతరంగా కడతారు. ముందు వెనక చక్రాల మధ్య వెడల్పు తేడా ఉంటే దాన్ని లెక్కలో తీసుకుంటారు. స్టీల్ స్కేలుతో దారం నుంచి రిమ్ ముందంచుకూ వెనకంచుకూ దూరం కొలుస్తారు. 18 అంగుళాల రిమ్ మీద ఒక మిల్లీమీటరు తేడా అంటే దాదాపు 7 నిమిషాల కోణం. డిగ్రీకి 60 నిమిషాలు. క్యాంబర్‌కు తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండే చాలు. రిమ్ పై అంచుకూ కింది అంచుకూ తేడా 8 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే ఒక డిగ్రీ. ముందు చక్రాలు తేలిగ్గా తిరగడానికి మధ్యలో గ్రీజు పూసిన రెండు రేకులు అడుగున పెడతారు. రేసు జట్లు ట్రాక్ పక్కన నేటికీ ఈ దారాన్ని వదల్లేదు. నేల మట్టంగా ఉండి, కొలిచేవాడికి ఓపిక ఉంటే అది తప్పు చెప్పదు. మిషన్‌ గొప్పతనం వేగంలో ఉంది. అది కోణం చూపిస్తుంది, నట్టు తిప్పవలసింది మాత్రం మనిషే.

ఆ తిప్పడానికి ఒక వరస ఉంది. వీలుంటే వెనక చక్రాలతో మొదలుపెట్టాలి. వెనక టో రెండు వైపులా సమానంగా లేకపోతే కారు పీతలా పక్కవాటుగా నడుస్తుంది, ముందెంత సరిచేసినా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. తర్వాత ముందు క్యాస్టర్, క్యాంబర్. టో ఎప్పుడూ చివర, ఎందుకంటే క్యాంబర్ కదిపితే టో కదులుతుంది. స్టీరింగ్ నిటారుగా పెట్టి కట్టేసి, టై రాడ్ లాక్ నట్టు వదులు చేసి, కొద్దికొద్దిగా తిప్పుతారు. స్టీరింగ్ వంకరగా వస్తే స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి తిరిగి తగిలించే దొడ్డిదారి మేస్త్రీ దగ్గర్నుంచి లేచి రావడమే మేలు. కొత్త కార్లయితే స్టీరింగ్ కోణం చదివే సెన్సర్‌కు మధ్య ఎక్కడో మళ్లీ నేర్పాలి, లేకపోతే జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్స్ అయోమయంలో పడతాయి.

ఇక అంకెల సంగతి. మిషన్ తెరమీద గడులన్నీ పచ్చగా మారితే అందరూ సంతోషిస్తారు. ఆ పచ్చరంగు కంపెనీ ఎత్తులో ఉన్న కారు కోసం గీసిన హద్దు. రేసు ట్రాక్ లెక్క వేరు. కోయంబత్తూరు దగ్గరి కారీ మోటార్ స్పీడ్‌వే లాంటి చోట మలుపులో టైరు పూర్తిగా నేలను కరవడానికి ముందు చక్రాలకు రెండు నుంచి మూడు డిగ్రీల నెగటివ్ క్యాంబర్ పెట్టడం మామూలే. అదే అంకె పెట్టుకుని చన్నసంద్ర ట్రాఫిక్‌లో ఈదేవాడి టైర్లు లోపలి అంచున నూలు తేలిపోతాయి, పైనుంచి చూస్తే కొత్తవిలా మెరుస్తూనే ఉంటాయి. రోజూ ఆఫీసుకూ, సెలవుల్లో కోలార్, పలమనేరు మీదుగా తిరుపతికీ తిరిగే కారుకు ఒక డిగ్రీ, ఒకటిన్నర చాలు. టో సున్నాకు దగ్గరగా, కుడి ఎడమలు సమానంగా ఉండాలి. రోడ్డు ఎడమ అంచుకు వాలుగా ఉంటుంది కాబట్టి కారు కొద్దిగా ఎడమకు జరగడం దోషం కాదు. దాన్ని పోగొట్టమని మేస్త్రీని వేధించకూడదు.

నడిపేవాడి బరువు, పెట్రోలు, టైరు గాలి కూడా కొలతలోకే వస్తాయి. ఎత్తు తక్కువ కారులో డెబ్భై కిలోల మనిషి కూర్చుంటే కోణాలు కదులుతాయని పట్టింపున్న చోట్ల సీట్లో ఇసుక మూట పెడతారు. కొత్త స్ప్రింగులు కొంత దిగి సర్దుకుంటాయి కాబట్టి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిపించాలి. ముందు, తర్వాత కొలతలున్న కాగితం అడిగి తీసుకోవాలి. రెండోసారికి విడిగా డబ్బు అడుగుతారా లేదా అన్నది మొదటిరోజే తేల్చుకోవడం మంచిది.