దాంతే స్వర్గమున సింధుతీరవాసి

దాంతే (1265-1321) మహాకావ్యమందలి నూరు సర్గలలో సాధారణముగా చదువబడునవి నరకవర్ణనలు. స్వర్గకాండము వెలుగుతోను వేదాంతచర్చతోను నిండియుండుటచే దానిని నీరసమని విడుచువారు పెక్కురు. కాని భారతీయ పాఠకుడు ఆగి చదువవలసిన ఘట్టమొకటి ఆ కాండమునందే యున్నది. పందొమ్మిదవ సర్గలో, కవిని చిరకాలముగా బాధించిన సందేహమొకటి బయటపడును. సింధునదీతీరమున క్రీస్తు పేరైన వినక పుట్టి పెరిగినవాడొకడు, మానవబుద్ధికి తెలిసినంతవరకు నిర్దోషముగా జీవించి, జ్ఞానస్నానము లేకయే మరణించెననుకొందము. అతనికి స్వర్గము లేదనుట ఏ న్యాయము?

దాంతేకు సింధువు సువార్త చేరని దూరమునకు గుర్తు మాత్రమే; మన దేశమును గూర్చి ఆయన యెరిగినది స్వల్పము. అయినను ప్రశ్న మనది. జపానులో క్రొత్తగా క్రైస్తవులైనవారు, మరణించిన తమ పూర్వులకు విముక్తి లేదని విని కన్నీరు విడిచిరని ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో తన లేఖయందు వ్రాసెను. తెలుగునాట పితృకార్యములను విడిచి క్రొత్త విశ్వాసమును చేపట్టిన యింట తాతముత్తాతల గతి యేమనెడి ప్రశ్న పుట్టకుండునా?

ఈ సందేహమునకు బదులు చెప్పునది, గురుగ్రహమండలమున న్యాయవర్తనులైన పాలకుల ఆత్మలు కూడి రూపొందిన పక్షిరాజు. అనేకులు కలిసియు 'నేను' అని పలుకుట దాని విశేషము. ఒక్కరమైయుండియు 'మేము' అని వ్రాయు మావంటివారికిది వింతగా తోచును. జానెడు చూపు గలవాడు దైవన్యాయమును కొలువబూనుట తగదని అది కవిని గద్దించును. ఒడ్డున కనబడు సముద్రపుటడుగు నడికడలిలో కనబడదు, కనబడనంతమాత్రమున లేకపోదు. ఉపమ మనోహరమే కాని, మాకిది సమాధానముగా తోచదు. ఇది అడిగినవాని నోరు మూయుట. ఆ పిమ్మట పక్షిరాజే స్వరము మార్చి, క్రీస్తు నామమును నోట పలుకువారిలో పెక్కురు తీర్పునాడు ఆయనను ఎరుగనివానికంటెను దూరముగా నిలుతురని చెప్పి, ఆనాటి క్రైస్తవరాజుల దుష్కృత్యములను ఏకరువు పెట్టును. ఇది మంచి మందలింపు. కాని సింధుతీరవాసి సంగతి తేలలేదు.

అసలు బదులు ఇరువదవ సర్గలో ఉన్నదని మా అభిప్రాయము. పక్షిరాజు కనుబొమయందు వెలుగు ఆత్మలలో ఇద్దరు అన్యమతస్థులుందురు. ఒకడు 117లో మరణించిన రోము చక్రవర్తి ట్రజాన్. మహాపోపు గ్రెగొరీ ప్రార్థనచే అతడు మరల దేహము దాల్చి, విశ్వసించి మరణించెనను కథ దాంతేకు పూర్వమే ప్రసిద్ధము. రెండవవాడు రిఫేయుడు. వర్జిల్ 'ఈనియడ్' ద్వితీయ సర్గమున ట్రాయి పతనవేళ మరణించు యోధుడితడు. కావ్యమున ఇతనికి దక్కినది, నీతిపరులలో అగ్రగణ్యుడను ప్రశంసయు రెండుమూడు ప్రస్తావనలును మాత్రమే. ఇతనిని స్వర్గమున చేర్చుటకు ఐతిహ్యపు ఆధారము లేదు. అది దాంతే సొంత కల్పన. దైవకృప అతని కన్ను తెరచినదనియు, జ్ఞానస్నానమేర్పడుటకు వేయియేండ్లకు మునుపే విశ్వాసము, ఆశ, ప్రేమ అను మూడును అతనికి జ్ఞానస్నానమైనవనియు కవి చెప్పును.

దీనిచే దైవసంకల్పపు నిరంకుశత్వమే స్థిరపడుచున్నదని వాదింపవచ్చును. ఆ వాదమున కొంత నిజము లేకపోలేదు. ఇద్దరును విశ్వాసులుగా మారియే స్వర్గము చేరిరి. కేవల ధర్మవర్తనము చాలునని కవి ఎచటను అనలేదు. కాని గద్దింపే చాలినదని తలచిన కవికి మరుసర్గలోనే రిఫేయునితో పనియేమి? అతని కన్ను తెరచిన కృప సింధుతీరమున మరియొకని కన్ను తెరవలేదని ఎవరు చెప్పగలరు? ఎన్నికైనవారందరిని దైవసాక్షాత్కారమందిన తామును ఇంకను ఎరుగమని పక్షిరాజే ఒప్పుకొనును. తలుపు తీయలేదు గాని, గడియ వేయలేదు. తమ దోషము లేకయే సువార్తనెరుగక, దేవుని నిష్కపటముగా వెదకి మనస్సాక్షిననుసరించువారు నిత్యరక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించినది. క్రైస్తవ సంఘములన్నియు నేటికిని దీనిపై ఏకాభిప్రాయమున లేవు.

ఇక మిగిలినవాడు వర్జిల్. అతని కావ్యమున పుట్టిన రిఫేయుడు స్వర్గమందున్నాడు. పుట్టించిన కవి నరకపు మొదటి వలయమున, శిక్షయు లేక ఆశయు లేక, హోమరు, అరిస్టాటిల్ మున్నగువారితో నున్నాడు. శుద్ధిపర్వత శిఖరమున దాంతే వెనుదిరిగి చూచునప్పటికి తన గురువు లేడు. శిష్యుడు విలపించును, బియాట్రిస్ మందలించును, యాత్ర సాగును. తిక్కన స్వర్గారోహణపర్వమును చదివిన మనకు ఇచట ధర్మరాజు తలపునకు వచ్చుట సహజము. దుర్యోధనుడున్న స్వర్గమును కాదని, తనవారున్న నరకముననే నిలిచెదనన్నవాడాయన. అతనికి ఆ నరకము మాయగా తొలగినది. దాంతేకు అట్టి వెసులుబాటు లేదు. అతని స్వర్గము శాశ్వతము, నరకమును శాశ్వతమే. వర్జిల్ కొరకు కార్చిన ఆ కన్నీటిని కావ్యమునుండి తుడిచివేయక నిలుపుట మాత్రమే అతడు చేయగలిగినది.