రక్తపు పోటు: వ్యాధియా? కొలతయా?

పాఠ్యగ్రంథములు అధిక రక్తపు పోటును రెండు రకములుగా విభజించును. మూత్రపిండముల వ్యాధి, ఎడ్రినల్ గ్రంథిలో కణితి, బృహద్ధమని సంకోచము వంటి హేతువు కనబడినచో అది ఆనుషంగికము, కనబడనిచో ప్రాథమికము. రోగులలో పదింట తొమ్మిదిమందిని ఈ రెండవ తెగలో చేర్చుట వాడుక. ఇంతకును ఈ రెండవది నిజముగా ఒక ప్రత్యేక వ్యాధియేనా?

అవునని మాంచెస్టరు ఆచార్యుడు రాబర్ట్ ప్లాట్ 1947లో వాదించెను. ఆయన మతమున ఈ రోగులు తక్కిన జనులనుండి వేరుపడిన తెగ. ఒకే జన్యువు వారి వ్యాధికి మూలము. జార్జి పికరింగు దీనిని ఖండించెను. 1955లో వెలువడిన ఆయన గ్రంథము 'హై బ్లడ్ ప్రెషర్' సారాంశమిది: జనుల పోటును కొలిచి వరుసగా పేర్చినచో ఎక్కడను తెగదు. మనుష్యుల ఎత్తువలెనే అది తక్కువనుండి ఎక్కువకు సాగిపోవును. పోటు పెరిగినకొలది అపాయమును పెరుగును. రోగమునకు, ఆరోగ్యమునకు నడుమ గీత గీచినది ప్రకృతి కాదు, మనుష్యుడు.

పరీక్షలో 35 మార్కులకు ఉత్తీర్ణత, 34కు అపజయము. ఆ ఒక్క మార్కుతో విద్యార్థుల తెలివి రెండు జాతులగునా? పోటు విషయమును అట్టిదే. 2017లో అమెరికా హృద్రోగ వైద్యసంఘములు గీతను 140/90 నుండి 130/80కి దించినవి. అంతవరకు ఆరోగ్యవంతులనిపించుకొన్న లక్షలమంది రోగులైరి. వారి ధమనులలో మాత్రము ఏ మార్పును లేదు. పెక్కు దేశములు నేటికిని 140/90నే పాటించుచున్నవి. పోటుతో సంబంధము గల జన్యుస్థానములు వేయికి పైగా బయటపడినవి. ఒక్కొక్కదాని ప్రభావము స్వల్పము. ప్రధానవాదమున పికరింగుదే గెలుపు.

అయినను ఆ వాదమున ఒక లోపము కలదు. కొలతమీదనే దృష్టి నిలిచినచో హేతువును వెదకు శ్రద్ధ సన్నగిల్లును. అదే 1955లో అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్, ఎడ్రినల్ కణితినుండి ఆల్డోస్టిరోను అధికముగా స్రవించి, శరీరమున ఉప్పును నిలిపి, పోటును పెంచుటను వర్ణించెను. కణితిని తొలగింపగా రోగి కోలుకొనెను. అరుదనుకొన్న ఈ హేతువు అంత అరుదు కాదని తరువాత తేలినది. ఒకే జన్యుదోషమువలన పోటు హెచ్చు కుటుంబములును కొన్ని కలవు. కావున "కారణము లేదు" అనుమాటకు పెక్కుసార్లు "వెదకలేదు" అనియే అర్థము. చిన్నవయసుననే పోటు హెచ్చినను, పెక్కు మందులకు లొంగకున్నను ఈ భేదము ప్రాణములనే కాపాడగలదు.

చికిత్సకు గీత అవసరమే. కాని అది సౌకర్యమునకై గీచినదని, దాని క్రింద నున్నంతమాత్రమున నిర్భయత్వము లేదని, బాధ తెలియకున్నను కొలిపించుకొనవలెనని విద్యార్థులకు బోధించుట మేలు.