ముందు మన షామాను చూడండి

అండమాన్ వెళ్లొచ్చిన మిత్రులు ఫోన్‌లో పిట్ట ఫొటో చూపించి, "ఇది షామానే కదా?" అని అడుగుతుంటారు. చాలాసార్లు అది పెద్ద నలంచి. పొరబడటంలో వింతేమీ లేదు. ఆ దీవుల్లో రెండూ ఉన్నాయి, రెండూ నలుపూ తెలుపే, రెండూ కమ్మగా పాడతాయి. మన దగ్గర ఈ చిక్కు లేదు. మారేడుమిల్లి, అనంతగిరి అడవుల్లో తిరిగే మగ షామాకు పొట్టంతా ఇటుకరంగు. ఒక్క చూపు చాలు. అండమాన్ షామా పొట్ట మాత్రం తెలుపు.

అందుకే అక్కడ నా కన్ను ముందు రెక్క మీదికి పోతుంది. రెక్క పొడవునా తెల్లచార ఉంటే పెద్ద నలంచి. రెక్కంతా నలుపై, వీపు మీద తోక మొదలయ్యే చోట తెలుపు కనిపిస్తే షామా. పిట్ట కాస్త పక్కకు తిరిగిందంటే పొట్ట చివర, తోక అడుగున ఇటుకరంగు బయటపడుతుంది. మన షామాతో దాని చుట్టరికానికి అదే గుర్తు.

చోటు కూడా చాలా చెబుతుంది. తెలుగువాళ్లు బాగానే ఉన్న పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఇళ్ల పెరళ్లలో పాడేది పెద్ద నలంచి. షామా కోసం చిడియాటాపు లాంటి చోట అడవిలోకి నడవాలి. పొదల నీడలో, నేలకు దగ్గరగా పురుగులు ఏరుకుంటూ ఉంటుంది. కనబడే ముందు వినబడుతుంది. కానీ పక్క పిట్టల గొంతులు అచ్చంగా దించేసే ఒక రకం ఏట్రింత కూడా ఆ అడవిలోనే ఉంది, తోక చివర రెండు ఈకలు వేలాడేసుకుని. కాబట్టి పాట వినగానే ఆగి వెతకాలే గానీ, పేరు రాసేసుకోకూడదు.

1858లో ఎడ్వర్డ్ బ్లైత్ అండమాన్ షామాను వేరే జాతిగా వర్ణించారు. ఆ తర్వాత పుస్తకాలు మన షామాలో ఉపజాతిగా కలిపేశాయి. ఇప్పుడు మళ్లీ విడిగా చూపిస్తున్నాయి. ఇలాంటి తేడా ఎలా వస్తుందంటారా? సముద్రం అడ్డమై రాకపోకలు ఆగిపోతే, చిన్న గుంపులో పుట్టిన తేడా తరతరాలకు స్థిరపడిపోతుంది. అలాంటి ప్రతి తేడా వల్లా పిట్టకు లాభం ఉండితీరాలనేమీ లేదు.

ఫోన్‌లోని యాప్ మనం ఉన్న ఊరు చూసుకుని క్షణంలో పేరు చెప్పేస్తుంది. ఆ తెల్లపొట్టలో విశేషమేమిటో మాత్రం ఇటుకరంగు పొట్టను చూసినవాడికే తడుతుంది. అండమాన్‌కు టికెట్ కొన్నవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: ముందు మారేడుమిల్లిలో ఒక తెల్లవారుజాము గడపండి.