బైబిలు బోధనలో ప్రశ్న స్థానం: డోర్నకల్ నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

క్రైస్తవ సంఘాలలో బైబిలు బోధన ప్రధానంగా ప్రసంగ రూపంలో సాగుతుంది. శ్రోతలను కూడా పాఠంలో భాగస్వాములను చేసేది సంభాషణాత్మక బోధన. అయితే శ్రోత నోరు విప్పినంత మాత్రాన అది సంభాషణ అవుతుందా అన్నది విచారించవలసిన విషయం. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ చరిత్ర ఇందుకు తగిన ఆధారం.

పలికించిన పాఠం

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన సంఘస్థులలో అధిక సంఖ్యాకులు చదువుకు దూరంగా ఉంచబడిన మాల, మాదిగ కులాలవారు. అందువల్ల పాఠం చెవి ద్వారానే చేరవలసి వచ్చింది. ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను, బైబిలు కథలను ఉపాధ్యాయులు పలికించి నేర్పారు. కీర్తన, భజన, నాటకం బోధనా సాధనాలయ్యాయి. పుస్తకం చదవలేనివారికి వచనం సొంతమైంది. ఇది చిన్న విషయం కాదు.

అయినా ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. ప్రశ్నోత్తరిలో ప్రశ్నతోపాటు జవాబు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది. అభ్యాసకుడు పలుకుతాడు గాని అడగడు.

అడిగించిన పాఠం

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం మరొక మార్గాన్ని చూపుతుంది. పొరుగువాడంటే ఎవరని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు యేసు నిర్వచనం ఇవ్వలేదు. కథ చెప్పి, ముగ్గురిలో పొరుగువాడు ఎవరయ్యారో తేల్చే బాధ్యతను అతనికే అప్పగించాడు. అతడు సమరయుని పేరెత్తకుండా, జాలి చూపినవాడని మాత్రమే అన్నాడు. ఆ సంకోచాన్ని కూడా సువార్త దాచలేదు.

తెలుగులో 'పొరుగు' అంటే పక్కనున్నది. ఊరు, వాడ విడివిడిగా ఉన్న గ్రామంలో ఈ మాట వెంటనే చిక్కుముడి అవుతుంది. వాడకు ఊరు పొరుగేనా? ఊరికి వాడ పొరుగా? పొరుగువాడంటే తోటి మనిషని బోధకుడే అర్థం చెప్పివేస్తే ఆ ముడి కనబడదు. మన ఊళ్లో మన పొరుగెవరని అడిగితే శ్రోతల అనుభవం పాఠంలోకి వస్తుంది.

ఆ జవాబు బైబిలు తెలుగులో రాదు. స్టేషన్ ఘన్‌పూర్ నుండి డోర్నకల్ వరకు జనం మాట్లాడే తెలంగాణ పలుకుబడిలో వస్తుంది. గ్రాంథిక ఛాయలున్న అనువాద భాషను ప్రమాణంగా పెట్టుకొని బోధకుడు ఆ మాటను దిద్దితే, చెప్పినవారు మరల నోరు మెదపరు.

ముగింపు

పాట, అభినయం, సామూహిక పఠనం శ్రోతను పాల్గొనేటట్లు చేస్తాయి. అది అవసరమే గాని చాలదు. ఒకప్పుడు అక్షరం నిరాకరింపబడిన సమాజానికి వచనాన్ని కంఠస్థం చేయించడం మొదటి మెట్టు. దాని అర్థాన్ని తమ మాటలో ప్రశ్నించే అవకాశం ఇవ్వడం రెండవది. బోధకుడు ఊహించని జవాబుకు కూడా చోటున్నప్పుడే ఆ బోధనను సంభాషణాత్మకమనడం సమంజసం.