గేటు కింద రబ్బరు పట్టీ

టెక్కలి, పలాస పక్క రైతు ఖరీఫ్‌లో మబ్బు కోసం ఎంత చూస్తాడో, గొట్టా కబురు కోసం అంత చూస్తాడు. హిరమండలం మండలంలో వంశధారకు అడ్డంగా కట్టిన గొట్టా బ్యారేజీ దగ్గర ఎడమ కాలువ మొదలవుతుంది. 104 కిలోమీటర్లు నడిచి పలాస, వజ్రపుకొత్తూరు శివార్లకు చేరేసరికి అది బాగా సన్నబడిపోతుంది. దాని కింద ఆయకట్టు 1.48 లక్షల ఎకరాలు. ఈ ప్రాజెక్టుకు బొడ్డేపల్లి రాజగోపాలరావు పేరు పెట్టారు. జనం మాత్రం గొట్టా అనే అంటారు.

22 గేట్లు. వాటిని ఎత్తడం, దించడం మీట నొక్కినంత తేలికని దూరం నుంచి చూసేవాళ్లకు అనిపిస్తుంది. వేసవిలో నది పాయలుగా చీలి ఇసుక తేలినప్పుడు వెళ్లి చూడండి, అసలు పని అప్పుడు కనిపిస్తుంది. మరమ్మతు చేయాల్సిన గేటు ముందు ఇనుప అడ్డుపలకలు ఒకదాని మీద ఒకటి దించి నీటిని ఆపుతారు. తుప్పు గీకి, రంగు వేసి, గేటును లేపే ఇనుప తాడును మూర మూరా చేత్తో తడుముతూ గ్రీజు పట్టిస్తారు. ఎక్కడైనా ఒక్క పోగు తెగి ఉంటే కంటికంటే ముందు అరచేతికి తెలుస్తుంది.

నాకు ఎక్కువ మక్కువ కలిగించింది మాత్రం గేటు అంచున బిగించే రబ్బరు సీలు. వేలి లావు ఉబ్బు ఉన్న పట్టీ అది, ఇనుప చట్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఎగువ నీరు ఎంత బలంగా తోస్తే ఆ ఉబ్బు అంత గట్టిగా అతుక్కుంటుంది. నీటి బలంతోనే నీటిని కట్టేయడం! రబ్బరు ఎండి బిరుసెక్కినా, ఇసుక రేణువులు కొరికి గాటు పడినా ఆ అతుకు విడిపోతుంది. ఆ సన్నని సందులోంచి నీరు రాత్రీ పగలూ ఈల వేస్తూ జారిపోతుంది. నేను చూసిన, గేట్లు కాసే ముసలి లస్కరు ఒకాయన గేటుకి చెవి ఆనించి విని, “ఇది ఏడుస్తంది బాబూ, సీలు పోనాది” అన్నాడు. పట్టీ మార్చాక ఆయన మళ్లీ వచ్చి అక్కడే చెవి పెట్టాడు. ఏమీ అనలేదు. బోల్టు మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఇలాంటి ఉపాయమే ఉన్న, పడవలను ఎక్కించి దించే లాకులు గొట్టా దగ్గర లేవు. వాటిని చూడాలంటే గోదావరికి పోవాలి. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు డెల్టా కాలువలు పంటతో పాటు పడవలకూ దారి అయ్యాయి. ధాన్యం, కలప వాటి మీదే సాగేవి. లాకు తలుపులు రెండూ ఎగువ వైపు మొన చేసుకుని కలుస్తాయి. ఎగువ నీరు తోసేకొద్దీ అవి ఒకదాన్నొకటి ఒత్తుకుని బిగుస్తాయి. గొట్టా రబ్బరు పట్టీలో ఉన్న తెలివే ఆ కలప తలుపుల్లోనూ ఉంది. నీటికి ఎదురు తిరగకుండా దాని తోపునే గడియగా వాడుకున్న ఆ పనివాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

వంశధార కొండల నది. ఒడిశాలో వాన పడితే ఇక్కడి ఆకాశం తెల్లగా ఉండగానే వరద వచ్చి తగులుతుంది. గుణుపూర్, కాశీనగర్ దగ్గర నీటిమట్టం ఎంత ఉందో కబురు వస్తూంటే, ఇక్కడ గేట్లు సెంటీమీటర్ల లెక్కన లేపుతారు. ఒక్క గేటునే నిలువునా ఎత్తేస్తే ఆ వడి అంతా ఒక్కచోట పడి దిగువ అడుగును తవ్వేస్తుంది. అందుకే అన్నిటినీ సమంగా, కొంచెం కొంచెంగా ఎత్తడం పద్ధతి. ఒకే చేత్తో ఇరవై రెండు దీపాల వత్తులు సర్దినట్టుంటుంది. వరద తగ్గేటప్పుడు ఇంకా ఓపిక కావాలి. ముందే దించితే ఎగువ గట్లకు బరువు, ఆలస్యమైతే కాలువకు అందాల్సిన నీరు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ పక్క ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. వెంటనే వంశధారకూ వరద వచ్చింది. గేటు దగ్గర జనరేటరు ఎందుకు, చేత్తో తిప్పే హ్యాండిల్ ఎందుకు అని అడిగేవాళ్లకు అలాంటి రాత్రే జవాబు చెబుతుంది. ఆ హ్యాండిల్ తిప్పే పళ్లచక్రాలకు మే నెలలో పూసిన గ్రీజు అక్టోబరులో అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఉద్దానం తాగేదీ వంశధార నీళ్లే. కిడ్నీ జబ్బుతో కుంగిన ఊళ్లకు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల ద్వారా నీరిచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. కొళాయి కింద బిందె పెట్టేవాళ్లకు పైన గేట్ల సంగతి తెలియాల్సిన పని లేదు. నాకు మాత్రం తెలియాలనే ఉంటుంది.

వజ్రపుకొత్తూరు వైపు కాలువ చివర ఒక తూము ఉంది. దాని షట్టరు నా మోకాలెత్తు. కారుతున్న అంచుకు ఎవరో గడ్డి పేని బంకమట్టి మెత్తారు. మట్టి మీద ఐదు వేళ్ల ముద్ర ఇంకా తడిగానే ఉంది.