కోయ డోలి, ఇంటి రికార్డింగు, ఒక జత హెడ్‌ఫోన్లు

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథలను డోలి వాయిస్తూ కోయభాషలోనూ తెలుగులోనూ పాడిన కళాకారుడాయన. 2024 జూన్‌లో కన్నుమూశారు. నోటి నుంచి నోటికి వచ్చిన ఇలాంటి కథలను ఇక ముందు తరాలు ఎలా వింటాయన్నది, వాటిని ఎవరు, ఎంత శ్రద్ధగా రికార్డు చేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంది. ఆ పనికి ఇప్పుడు హైదరాబాద్ స్టూడియో దాకా పోనక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు మైకులు ఉంటే ఖమ్మంలోనైనా, భద్రాచలం అడవి అంచు పల్లెలోనైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే మైకు కొనేటప్పుడు పదిమందిని అడిగేవాళ్ళు కూడా హెడ్‌ఫోన్లు మాత్రం చేతికందినవి తెచ్చుకుంటారు. మైకు పట్టినదాంట్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చేది ఆ హెడ్‌ఫోన్లే.

ముందు ఈ సంగీతంలో ఏముందో చూద్దాం. డోలి రెండు ముఖాల పెద్ద వాద్యం. లోతైన దెబ్బ చెవికన్నా ముందు గుండెకు తగులుతుంది. దాని మీద పదునైన కర్ర దెబ్బలు నడకను చెబుతాయి. కొమ్ము నృత్యంలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు ధరించి డోళ్ళు వాయిస్తూ ఆడతారు. రేల పాటలో ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని వలయంగా కదులుతారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఇక్కడ వేదిక లేదు, ముందు వెనుకలు లేవు. పాట వేగం కూడా ఆటతోపాటు పెరుగుతూ పోతుంది. డోలి అడుగు నాదం, కర్ర దెబ్బ, గజ్జెల సన్నని చప్పుడు, గొంతుకూ గొంతుకూ మధ్య ఎడం: ఈ నాలుగూ విడివిడిగా వినపడితేనే రికార్డింగు కుదిరినట్టు. మనిషి చెవి పట్టే 20 నుంచి 20,000 హెర్ట్జ్‌లలో ఇవి కింది నుంచి పై దాకా పరుచుకుని ఉంటాయి. అందుకే బేస్ పెంచి అమ్మే హెడ్‌ఫోన్లు ఈ పనికి పనికిరావు. వాటితో మిక్సింగ్ చేయడం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చీర రంగు ఎంచడం లాంటిది. హెడ్‌ఫోన్‌లోనే బేస్ ఎక్కువగా ఉంటే, మీరు పాటలో తగ్గించేస్తారు. బయట విన్నవాళ్ళకు డోలి డొల్లగా ఉంటుంది.

హెడ్‌ఫోన్లలో ప్రధానంగా రెండు రకాలు. క్లోజ్డ్ బ్యాక్ వాటికి వెనుక మూత ఉంటుంది. లోపలి శబ్దం బయటికీ, బయటి శబ్దం లోపలికీ అంతగా రాదు. పాడేవాళ్ళ చెవులకు ఇవే పెట్టాలి. లేకపోతే ట్రాక్ చప్పుడు కారి మైకులో పడుతుంది, తర్వాత దాన్ని తీయడం చాలా కష్టం. సోనీ ఎండీఆర్-7506, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఈ రకానివి. ఓపెన్ బ్యాక్ వాటికి వెనుక జల్లెడ లాంటి కప్పు ఉంటుంది. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో ఈ పద్ధతి మార్కెట్‌లోకి వచ్చింది. గాలి ఆడుతుంది కాబట్టి శబ్దం విశాలంగా, సహజంగా ఉంటుంది. మిక్సింగ్‌కు మంచివి. అదే కంపెనీ హెచ్‌డీ 600, బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఈ కోవలోవి. వీటితో గొంతు రికార్డు చేయకూడదు.

డోలి దగ్గర ఇంకో చిక్కుంది. ఎంత బిగుతైన క్లోజ్డ్ బ్యాక్ అయినా లోతైన మోతను ఆపలేదు. డోలి పక్కనే నిలబడి హెడ్‌ఫోన్లో వింటున్నామనుకుంటాం కానీ, సగం మోత నేరుగా ఒంట్లోకే వస్తుంటుంది. మైకులో నిజంగా ఎంత పడిందో తెలియదు. కాబట్టి ఒక నిమిషం రికార్డు చేసి, వాయిద్యం ఆపించి, దూరంగా వెళ్ళి వినాలి. అప్పుడు మైకు జరపాలి. రేల పాడేవాళ్ళకు హెడ్‌ఫోన్లు తగిలించి క్లిక్ ట్రాక్ అనే యంత్ర తాళానికి కట్టేయకపోవడం మేలు. సహజంగా పెరిగే వేగాన్ని అది చంపేస్తుంది. అందరినీ వాకిట్లో కలిపి పాడించి, రికార్డు చేసే ఒక్కరే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు. రెండు మైకులను 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో పెడితే గొంతుల మధ్య ఎడం సహజంగా వినపడుతుంది. ఫ్రెంచి రేడియో వాళ్ళు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫ్యాను, కీచురాళ్ళు, రేకుల మీద చినుకులు, కరెంటు తీగల 50 హెర్ట్జ్ గుయ్‌మనడాన్ని ముందుగా పట్టిచ్చేదీ హెడ్‌ఫోన్లే.

మిక్సింగ్‌కు స్పీకర్లు మేలని పెద్ద ఇంజనీర్లు అంటారు, నిజమే. కానీ అందుకు గది అనుకూలించాలి. పది అడుగుల సిమెంటు గదిలో ఎదురెదురు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. ఒక మూల ఉబ్బుతుంది, నడుమ మాయమవుతుంది. హెడ్‌ఫోన్లకు గోడలతో పని లేదు. వాటి లోపం వేరే ఉంది. ఎడమ స్పీకర్ శబ్దం కొంత కుడి చెవికీ చేరుతుంది, హెడ్‌ఫోన్‌లో చేరదు. అందువల్ల ఒక గొంతును పూర్తిగా ఒక పక్కకు నెడితే విడ్డూరంగా ఉంటుంది. పక్కలకు జరపడం, ప్రతిధ్వని కలపడం తేల్చుకునే ముందు ఏదైనా స్పీకర్‌లో ఒకసారి విని చూడాలి.

పెట్టె మీది అంకెల్లో ఓమ్‌లు (ఇంపిడెన్స్) ఎక్కువైతే నాణ్యత ఎక్కువని కాదు. డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. ఫోనుకు 32 సరిపోతుంది, 250కి మంచి ఇంటర్‌ఫేసో యాంప్లిఫయరో కావాలి. 20-20,000 హెర్ట్జ్ అన్న రాత కూడా పెద్దగా ఏమీ చెప్పదు, ఆ మధ్యలో ఎంత సమంగా ఉందన్నదే ముఖ్యం. బ్లూటూత్ వద్దు. అందులో తరచూ వంద మిల్లీసెకన్లు దాటే ఆలస్యంతో ఎవరూ తాళం తప్పకుండా పాడలేరు. నకిలీలు కూడా తిరుగుతున్నాయి, నమ్మకమైన చోటే కొనాలి. మన ఎండలకు తోలు తరహా మెత్తలు చెమటకు పొట్టు రాలిపోతాయి. గుడ్డ మెత్తలు, మార్చుకునే వీలున్న మెత్తలు, ఊడదీసి వేసుకునే తీగ ఉన్నవి ఎక్కువ కాలం మన్నుతాయి.

చెవుల సంగతి మరవొద్దు. పెద్దవాళ్ళు వారానికి 40 గంటలకు మించి 80 డెసిబెల్స్ దగ్గర వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. తక్కువ శబ్దంలో, మధ్యమధ్య విరామాలతో చేసిన మిక్సింగే తెల్లారి విన్నా నిలబడుతుంది.

చివరి పరీక్ష ఊళ్ళోనే. ఈ పాటలు ఎక్కువగా ఫోన్లలో వింటారు, జాతరలో పెద్ద పెట్టెల్లో వేస్తారు. ఫోను స్పీకర్ డోలి అడుగు నాదాన్ని దాదాపు మింగేస్తుంది. దానికోసం బేస్ పెంచితే జాతరలో చెవులు గింగిర్లెత్తుతాయి. కర్ర దెబ్బ స్పష్టంగా ఉంచితే రెండు చోట్లా డోలి డోలిలాగే ఉంటుంది. ఒక్క జతకే డబ్బుంటే తీగ ఉన్న, సమంగా పలికే క్లోజ్డ్ బ్యాక్ కొనండి. రెండో జతగా ఓపెన్ బ్యాక్ తర్వాత చూడవచ్చు. కొన్నాక మొదటి పనిగా మీ ఊళ్ళో పాడగల పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళ అనుమతితో పాట పట్టండి. మిక్సింగ్ అయ్యాక ముందు వాళ్ళకే వినిపించండి. వాళ్ళు సరే అన్నాకే బయటపెట్టండి.