బండ మీద నిమ్మరసం

మాది కడప జిల్లా. మా ఇంట్లో నేల, అరుగు, మెట్లు, పెరట్లో బట్టలుతికే బండ, అన్నీ నాపరాయే. ‘అవక్షేప శిలకు ఉదాహరణ సున్నపురాయి’ అని బడిలో పదిసార్లు రాసి బట్టీపట్టాను. నేను కూర్చుని రాస్తున్న నాపరాయే సున్నపురాయని ఎవరూ చెప్పలేదు. మార్కులు వచ్చాయి గానీ రాయి అర్థం కాలేదు.

ఆ మరుసటి ఏడు వచ్చిన సైన్సు సారు తలా ఒక ఇనుప మేకు, ఒక నిమ్మకాయ తెమ్మన్నారు. రాతికి తొందరపడి పేరు పెట్టొద్దన్నారు. ఎండకూ వానకూ రాతి పైతోలు రంగు మారిపోతుంది. అందుకే ముందు చిన్న పెచ్చు కొట్టి లోపలి ముఖం చూడాలి. తర్వాత మేకుతో గీయాలి. నాపరాయి మీద తెల్లటి గీత పడింది. బడి వెనక గుట్ట నుంచి తెచ్చిన పలుగురాయి మీద మేకే అరిగి నల్లటి జాడ మిగిలింది. చివరగా నాపరాతిని గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండాం. సన్నటి బుడగలు లేచాయి. నిమ్మరసం ఒలికినప్పుడల్లా అమ్మ వంటింటి బండను గబగబా ఎందుకు తుడిచేదో నాకు ఆ రోజు అర్థమైంది. పులుపు రాతిని తింటుంది.

భూశాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. వాళ్ళ సంచిలో సుత్తి, భూతద్దం, నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటాయి. సున్నపురాయి మీద ఆ ఆమ్లపు చుక్క పడగానే బుసబుస పొంగుతుంది. దాని దగ్గరి చుట్టం డోలమైటు మాత్రం పొడి చేస్తేగానీ సరిగా పొంగదు. చుట్టాలను వేరుచేసే కిటుకు ఆ పొడిలోనే ఉంది.

నాపరాతి గనుల్లో పనిచేసిన మా తాతకు ఈ పేర్లేవీ తెలియవు. బండను సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే మంచి బండ, మొద్దుగా మోగితే లోపల పగులు. “పొర జూసి కొట్టల్ల నాయనా, రాయే ఇడిసిపోతాది” అనేవాడు. ఒకప్పటి సముద్రం అడుగున సున్నపు బురద పేరుకుని గట్టిపడ్డ జాడే ఆ పొర. పుస్తకంలోని ‘అవక్షేపం’ తాత ఉలికి ఏనాడో తెలుసు. నా దృష్టిలో ఆయన చదువు మా పాఠానికి ఏమాత్రం తక్కువ కాదు.

తర్వాత బెలుం గుహలకు వెళ్ళాం. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరే సున్నపురాతి పగుళ్ళలో దిగి, కరిగించి, మూడు కిలోమీటర్లకు పైగా దారులు తొలిచింది. వంటింటి బండ మీద మచ్చ వేసిన పులుపే అక్కడ గుహలు తొలిచింది.

గండికోటలో కథ వేరు. అక్కడిది క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి, దానికి పులుపు లెక్కలేదు. పెన్నానది దాన్ని కోసుకుంటూ లోయ చేసుకుంది.

తిరుమల ఘాట్‌రోడ్డులో అలాంటి క్వార్ట్‌జైటు పొరలే అంతకన్నా ఎంతో పాత గ్రానైటు మీద కూర్చున్న చోటు కనిపిస్తుంది. ఆ రెంటి మధ్య పదుల కోట్ల ఏళ్ళ కాలం జాడ లేకుండా పోయింది. దాని పక్కనుంచే రోజూ వేలమంది కొండెక్కుతున్నారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. శిలల పాఠం చెప్పేరోజు పిల్లల్ని తరగతి బయటికి తీసుకెళ్ళండి. మేకు, నిమ్మకాయ వాళ్ళే తెచ్చుకుంటారు.